యాక్సిలరేటర్‌కు కట్టిన తాడు

మొన్న ఒక పెళ్ళికని కావలి నుంచి నాయుడుపేట దాకా మా చిన్నచెల్లెలి కొడుకు తన కొత్త కారులో తీసుకెళ్ళాడు. నెల్లూరు దాటి రోడ్డు ఖాళీగా కనిపించగానే వాడు స్టీరింగు పక్కనున్న ఏదో మీట నొక్కి, కుడికాలు పెడల్ మీద నుంచి తీసేసి, సీట్లో మఠం వేసుకున్నంత పని చేసి నా వైపు చూసి నవ్వాడు. కారు మాత్రం ఇసుమంతైనా వేగం తగ్గకుండా పోతూనే ఉంది. నేను తలుపు పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకున్నాను. వాడు ఆ సదుపాయానికి ఏదో ఇంగ్లీషు పేరు చెప్పి, అది ఉన్నందువల్లే ఈ కారు ఎంచుకున్నానని వివరించాడు. కాలు తీసినా వేగం తగ్గకపోవడాన్ని మా కాలంలో రోగం అనేవాళ్ళం. దాన్ని కుదర్చడానికి ఒక ఎండాకాలం సెలవుల్లో పరుగెత్తుకు పోయిన వాణ్ణి కాబట్టి, మిగిలిన దారంతా కళ్ళు మూసుకుని కూర్చున్నాను. నిద్రపోతున్నానని వాడు అనుకున్నాడు. పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుంటే పిల్లలు అనుకునేది అదొక్కటే గనక నేనూ కాదనలేదు.

ఆ రోగం వచ్చిన బండి మా బావది. బావ అంటే మా పెద్దక్క భర్త, నాయుడుపేటకు పడమటి వైపు పల్లెలో వరి పండించుకునే మనిషి. మా జిల్లా తీరం పొడవునా జనం పొలాలు మాని రొయ్యల చెరువులు తవ్వుకుంటున్న రోజుల్లో ఆయనకీ ఆ గాలి సోకి, కోట అనే ఊరికి అవతల సముద్రానికి దగ్గరగా చెరువులు కౌలుకు తీసుకున్నాడు. రొయ్యలకు కాపలా కావాలి. తక్కినవాళ్ళందరూ గట్ల మీద తాటాకు పాకలు వేసుకుంటే, మా బావ మాత్రం ఎక్కడో బడిపిల్లలను మోసి మోసి రిటైరైన ఒక పాత పెట్రోలు వ్యాను కొనుక్కొచ్చాడు. సీట్లు పీకించి, ఊళ్ళో వడ్రంగి చేత అడ్డంగా చెక్కబల్ల వేయించి, దాని కింద బియ్యం డబ్బా, ఓ మూల కిరసనాయిలు స్టవ్వు, ఇంకో మూల నీళ్ళ డ్రమ్ము పెట్టించాడు. అక్క తన పాతచీరలు చించి కిటికీలకు తెరలు కుట్టింది. ఇలాంటి బండ్లను ఇప్పుడు కాంపర్ వ్యాన్లంటున్నారట, వాటిలో సముద్రతీరాలకు విహారం వెళ్ళడం ఒక ఘనత అట. మేము కాపలా బండి అనేవాళ్ళం, అందులో ఘనతేమీ కనిపించేది కాదు, దోమలు మాత్రం కనిపించేవి.

తర్వాత రొయ్యలకు తెగులు వచ్చింది. ఆ కథ మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు, వేరే వాళ్ళకు చెప్పినా అర్థం కాదు. చెరువులు పోయాయి, బండి మిగిలింది. అందరూ ఇక దాన్ని కూడా వదిలించుకుంటాడనే అనుకున్నారు. కానీ బావ నాట్లు అయిపోయాక ఒకసారి, కోతలు అయిపోయాక ఒకసారి, మధ్యలో ఏ వంకా దొరక్కపోతే వంక లేకుండానూ, అక్కను ఎక్కించుకుని మళ్ళీ ఆ సముద్రపు ఒడ్డుకే పోయేవాడు. సరుగుడు తోపు నీడన బండి ఆపి, పడవలు ఒడ్డుకొచ్చే వేళకు చేపలు తెచ్చుకుని, వండుకు తిని, రెండు మూడు రోజులుండి తిరిగొచ్చేవాళ్ళు. వాళ్ళకు పిల్లలు లేరు. ఊళ్ళోవాళ్ళు బావకు నత్త అని పేరు పెట్టారు, ఇల్లు వీపున వేసుకుని తిరుగుతాడని. అక్క ఆ పేరు వింటే సిగ్గుపడినట్టు కనిపించేది గానీ, ఎండాకాలం వచ్చేసరికి ఉప్పు, చింతపండు మూటకట్టుకుని ముందు ఎక్కి కూర్చునేది ఆవిడే. ఇంట్లో నేను కోడల్ని, ఈ బండిలో మాత్రం మనిషిని అని నాతో ఒకసారి అన్నది. అత్తగారు మంచిదే పాపం, కానీ ఆ ఇంట్లో అత్తగారి అత్తగారు కూడా ఉండేది.

మా బావకు గుళ్ళోని దేవుడి మీద ఎంత నమ్మకం ఉండేదో చెప్పలేను గానీ, బండి మీద మాత్రం ఉండేది. ఎక్కేముందు చెప్పులు విప్పి అక్క సీటు కింద పెట్టి, స్టీరింగును కళ్ళకద్దుకుని, అప్పుడు పెడల్ మీద కాలు పెట్టేవాడు. అన్నం పెట్టేదాన్ని చెప్పుకాలితో తొక్కకూడదని ఆయన నియమం. ఆయన బండిని ఎవరు నడిపినా ఆ నియమం పాటించాల్సిందే. ఇందులో ఉన్న చిక్కేమిటంటే, ఆ రకం బండ్లలో ఇంజను ముందర సీట్ల మధ్యనే ఒక రేకు మూత కింద ఉంటుంది, పొగగొట్టం డ్రైవరు కాళ్ళ కింద నుంచే పోతుంది. కొంత దూరం పోయేసరికి కాళ్ళ కింద రేకు దోసెల పెనం మాదిరి అయ్యేది. అందుకని బావ గోనెసంచి మడిచి పెడల్ కింద పరిచి, ఆగినచోటల్లా దాని మీద చెంబుడు నీళ్ళు చల్లేవాడు. నాకు డ్రైవింగు నేర్పింది ఆ గోనె మీదే. క్లచ్చు, గేర్ల కంటే ముందు ఓర్పు నేర్పాడని చెప్పుకోవాలి.

ఇక్కడ బావాబావమరుదుల సంగతి కాస్త చెప్పుకోవాలి. మన ఇళ్ళల్లో ఒక మనిషిని అందరి ముందూ ఎగతాళి చేసే హక్కు పుట్టుకతో వచ్చేది ఎవరికయ్యా అంటే బావమరిదికే. తమ్ముడు అంటే తప్పు, కొడుకు అంటే పాపం, అదే మాట బావమరిది అంటే ఇల్లంతా నవ్వుతుంది. అక్క పెళ్ళిలో నేను పొడుగు నిక్కర్ల వయసులో ఉండి, విడిదింట్లో పెళ్ళికొడుకు కాఫీలో గుప్పెడు ఉప్పు కలిపాను. ఆయన అది చివరి చుక్క దాకా తాగి, చాలా బాగుంది బామ్మర్దీ, ఇంకో గ్లాసు పట్రా అన్నాడు. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్యా ఆ యుద్ధం సాగుతూనే ఉండేది. నేను ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి కావలిలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరాక, ఇంట్లో ట్యూబులైటు వెలక్కపోయినా, కోడి గుడ్డు పెట్టకపోయినా, మా సైంటిస్టు వస్తాడు ఆగండి అనేవాడు.

బండికి రోగం మొదలైన సంగతి బాతుల వల్ల బయటపడింది. కోట నుంచి వస్తుంటే, కోసిన చేలల్లో మేపుకుంటూ తిరిగే బాతుల మంద రోడ్డు దాటుతోంది. బావ కాలు తీశానంటాడు, బండి మాత్రం ఆగకుండా గర్జిస్తూ పోతోంది. తాళం తిప్పి ఇంజను ఆపి, స్టీరింగు విరగ తిప్పి, పక్కనున్న చేలోకి దింపేశాడు. బాతులకేమీ కాలేదు, వాటి కాపరికి కూడా, కాకపోతే అతను తిట్టిన తిట్లలో రెండు మూడు ఆ రోజు దాకా తాను వినలేదని బావ ఆ తర్వాత ఎంతో మర్యాదగా ఒప్పుకున్నాడు. అక్కకు మోచెయ్యి గీరుకుపోయింది. యాక్సిలరేటర్ పట్టేసిందని అందరూ తేల్చారు. సముద్రపు గాలికి ఇనుమన్నది బతకదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

నాయుడుపేటలో మెకానిక్ భాయ్ ఒకాయన ఉండేవాడు, బావకు పాత స్నేహితుడు. ఆయన షెడ్డులో వైద్యం మొదలైంది. మొదటి ముద్దాయి గోనెసంచి. మడత పైకి లేచి పెడల్‌ను పట్టుకుంటోందేమోనని దాన్ని తీసి అవతల పారేశారు. తర్వాత పెడల్ నుంచి కార్బురేటర్ దాకా పోయే తీగ. దాన్ని గొట్టంలోంచి లాగి చూస్తే తుప్పు రాలింది, ఒకటి రెండు పోగులు తెగి ఉన్నాయి, సరిగ్గా దొరికింది దొంగ అని భాయ్ మురిసిపోయి కొత్త తీగ వేశాడు. వారం తిరక్కుండానే మళ్ళీ పట్టేసింది. పెడల్‌ను వెనక్కి లాగే స్ప్రింగు సాగిందని ఇంకోటి వేశాడు. అది చాలదని దానికి తోడుగా రెండోది వేశాడు. కార్బురేటర్ విప్పి, సముద్రపు ఇసుక చేరిందని పెట్రోలుతో కడిగాడు. ఇంజను కింద రబ్బరు దిమ్మలు అరిగి, ఇంజను పక్కకు ఒరిగినప్పుడు తీగ బిగుసుకుంటోందేమోనని వాటినీ మార్చాడు. ప్రతిసారీ షెడ్డులో చేత్తో నొక్కి వదిలితే పెడల్ టక్కుమని పైకి లేచేది. భాయ్ ఎక్కి బజారు చివరి దాకా తిప్పుకొస్తే చక్కగా ఉండేది. బావ ఎక్కి కోట పోయి వచ్చేసరికి మళ్ళీ మొదటికే. బండి నీ మీదే అలిగినట్టుంది అన్నా అని భాయ్ నవ్వేవాడట. బావ కూడా నవ్వేవాడట.

అక్క మా కాలేజీకి ఫోను చేసింది అప్పుడే. ప్రిన్సిపాలు గదిలో ఫోను, ఆయన ఎదురుగా కూర్చుని వింటుండగా మాట్లాడాలి, అందుకని ఇళ్ళ నుంచి ఎవరూ ఊరికే చేసేవాళ్ళు కాదు. బండి బాగా ఇబ్బంది పెడతా ఉంది, సెలవులియ్యగానే నేరుగా ఇక్కడికే రమ్మన్నది. అమ్ముకోమని మామగారు రోజూ అంటున్నాడని, బావ వినడం లేదని, తాను పక్కన లేకుండా బావను ఒక్కణ్ణే పోనివ్వడం లేదని చెప్పింది. ఎందుకని నేను అడగలేదు. పోతే ఇద్దరం పోతాం అన్న మాట ఆవిడ ఎంత మామూలుగా అన్నదంటే, ఎదురుగా ఉన్న ప్రిన్సిపాలుకు అది బజారుకు పోయే సంగతనిపించి ఉంటుంది.

నేను వెళ్ళేసరికి వైద్యం చివరి దశకు వచ్చింది. భాయ్ ఇక చేసేదేం లేక, వలలకు వాడే నైలాన్ తాడు ఒకటి తెచ్చి పెడల్ కాడకు ముడివేసి, ఇంజను మూత మీదుగా తెచ్చి దాని కొసను అక్క చేతికిచ్చాడు. పట్టేసినప్పుడల్లా అక్క లాగితే పెడల్ పైకి లేస్తుందని ఏర్పాటు. ఎమ్మెస్సీలో నాకు ఇంత చక్కటి పరికరం ఎవరూ చూపించలేదని నేనంటే, చూపించుంటే నువ్వు పాసయ్యుండవులే అని బావ అన్నాడు. అయినా ఆ తాడు పనిచేసింది. మరునాడు ముగ్గురం కోట వైపు బయల్దేరాం, వాళ్ళిద్దరూ ముందు, నేను వెనక చెక్కబల్ల మీద. తుప్పు, స్ప్రింగు, రాపిడి అంటూ నాకు తెలిసిన శాస్త్రమంతా తలలో తిప్పుకుంటూ వాళ్ళ వీపులు చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి ఒక సంగతి గమనించాను. బావ లాగు అనేది చాలా తక్కువ. ఆయన అనకముందే అక్క లాగుతోంది. మలుపు కనిపిస్తే లాగుతోంది, ఎదురుగా లారీ వస్తే లాగుతోంది, గేదె కనిపిస్తే లాగుతోంది. చెయ్యి కోసుకుపోకుండా అరచేతికి పమిట చెంగు చుట్టుకుంది. కళ్ళు రోడ్డు మీద, చెయ్యి తాడు మీద, నోరు మాత్రం బావతో ఊళ్ళో ఎవరి కూతురికో కుదిరిన సంబంధం గురించి మాట్లాడుతోంది. బావ హాయిగా ఊఁ కొడుతున్నాడు.

సరుగుడు తోపు దగ్గర బండి ఆగింది. పడవలు వచ్చే వేళయిందని బావ సంచి తీసుకుని ఒడ్డు వైపు ఇసుకదారి పట్టాడు. ఆయన వచ్చేలోగా నేనొకసారి నడిపి చూస్తానని, నియమం ప్రకారం చెప్పులు విప్పి ఎక్కాను. తోపు పక్క మట్టిరోడ్డు మీద కొంత దూరం పోయి తిరిగొచ్చాను. యాక్సిలరేటర్ పట్టెయ్యలేదు. పట్టెయ్యడం సంగతి అటుంచి, నా కాలు దాని మీద నిలిస్తే గదా. గోనె లేని ఆ రేకు నిప్పులా ఉంది. మడమ ఆనిస్తే చుర్రుమంటోంది, వేళ్ళ కొసలతో తొక్కుతూ, క్షణానికొకసారి కాలు గాల్లోకి ఎత్తుతూ, గుర్రప్పిల్ల మాదిరి గెంతుకుంటూ వచ్చి ఆపాను. ఈ పెనం మీద బావ ఇంటి దగ్గర నుంచి ఇక్కడి దాకా కాలు కదల్చకుండా ఎలా కూర్చున్నాడని దిగుతూనే అక్కను అడిగాను. అడిగాక, నా ప్రశ్న నాకే వినపడింది.

అక్క స్టవ్వు వెలిగిస్తున్నది కాస్తా ఆపింది. పడవల వైపు ఒకసారి చూసి, బావ దూరంగానే ఉన్నాడని చూసుకుని, అప్పుడు చెప్పింది.

“అది స్ప్రింగు బరువు కాదురా. తాడు లాగిన మొదటి రోజే తెలిసిపోయింది నాకు. మనిషి కాలు బరువది. ఎత్తినాననుకుంటాడు, ఎత్తడు. ఆయనకు తెలవదు.”

చెప్పు ఇసుకలో ఊడిపోతే చూసుకోకుండా పోతుంటాడని, తానే వెనక నుంచి ఏరుకొస్తున్నానని చెప్పింది. అరికాలు బొబ్బెక్కి ఉంటే రాత్రి నిద్దట్లో వెన్న రాశానని, పొద్దున లేచి కాలికి ఈ జిడ్డేందని అడిగాడే గానీ నొప్పి అనలేదని చెప్పింది. మెకానిక్‌తో ఒక మాట అనకపోయావా అని నేనన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చదువుకున్నవాళ్ళను చూసే చూపు కాదది, చిన్నపిల్లల్ని చూసేది.

“భాయ్ నోటెంట వస్తే బజారంతా తెలిసినట్టు. నేను చెప్తే, చెరువులు పోయినాయి, ఇప్పుడు కాలూ పోయిందంటుంది పెళ్ళాం అనుకుంటాడు. నువ్వు చెప్పు. నువ్వేమన్నా నవ్వతాడు గదా.”

అందుకా నన్ను పిలిచింది, ఫిజిక్సు కోసం కాదన్నమాట. పదేళ్ళ పైబడి ఆయన మీద విసురుతూ వచ్చిన నా హాస్యాన్ని ఒక పనికి పెట్టాల్సిన రోజు వస్తుందని నాకెప్పుడూ తోచలేదు. సరుగుడు చెట్లకింద అటూ ఇటూ తిరుగుతూ మాటలు కూర్చుకున్నాను. నీ కాలికి కూడా ఒక స్ప్రింగు వేయిద్దాం బావా అందామనుకున్నాను. భాయ్ బండికి మార్చాల్సినవన్నీ మార్చాడు, ఇక డ్రైవరునే మార్చాలి అందామనుకున్నాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కటి కూడా గొంతు దాటి వచ్చేటట్టు లేదు. ఆ బండి నడపడం మానితే ఆ మనిషికి ఇంకేం మిగులుతుందో, మానకపోతే పక్కన తాడు పట్టుకుని కూర్చున్న మా అక్కకు ఏమవుతుందో, ఈ రెండూ చెరో పక్క నుంచి లాగుతుంటే జోకులకు అంత బలం ఉండదు.

బావ తాటినారకు గుచ్చిన చేపలు వేలాడేసుకుంటూ వచ్చాడు. ఒక కాలికి చెప్పు లేదు. అక్క పోయి ఇసుకలోంచి దాన్ని తెచ్చి బండి పక్కన పెట్టింది. నేను మళ్ళీ స్టీరింగు ముందు చేరి, ఇంజను నడుస్తుండగా కాళ్ళు రెండూ పైకి పెట్టుకుని ఉన్నాను.

“ఏం బామ్మర్దీ, గుడ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నావే?”

“కాలతా ఉంది బావా. కాలు పెట్టలేకపోతుండా.”

“ఏం కాలతది? పుస్తకాలు పట్టుకోని మెత్తబడినాయి నీ కాళ్ళు. జరుగు.”

నన్ను కిందికి దించి తాను ఎక్కి కూర్చుని, మెత్తబడని కాళ్ళు ఎలా ఉంటాయో నాకు చూపించడానికి కుడి అరికాలు రేకు మీద పూర్తిగా ఆనించి, పెట్టి ఉంచి, నా మొహంలోకి చూస్తూ నవ్వాడు. నేను నవ్వలేదు. పదేళ్ళల్లో ఆయన నవ్వితే నేను నవ్వకపోవడం అదే మొదటిసారి అనుకుంటాను. ఆయన ఇంకొంచెం సేపు నవ్వు మొహంతోనే ఉండి, అక్క వైపు చూశాడు. అక్క సముద్రం వైపు చూస్తోంది. అప్పుడు వంగి చేత్తో రేకును తాకి, చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. తర్వాత రెండు చేతులతో మోకాలు పట్టుకుని, పాదాన్ని పైకెత్తి ఎడమ తొడ మీద పెట్టుకుని, ఎవరిదో వస్తువును చూసినట్టు దాని అడుగుభాగం చూసుకున్నాడు.

ఏదో ఒక ఎగతాళి మాట అంటానేమోనని అక్క నా వైపు చూసింది. నాకేదీ రాలేదు. ఇంజను నడుస్తూనే ఉంది. బావే అన్నాడు.

“పట్టేసింది బండికి కాదన్నమాట.”

ఆయన తాళం తిప్పి ఇంజను ఆపాడు. దిగి, బండి ముందు రేకు మీద చెయ్యి ఆనించుకుంటూ ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, ఎడమపక్క తలుపు తీసి, అక్క సీట్లో కూర్చున్నాడు. నన్ను వచ్చి కూర్చోమని సైగ చేశాడు. అక్క వెనక చెక్కబల్ల మీదకు ఎక్కింది. చేపలు అలాగే ఉన్నాయి, వండుకోవాలన్న మాట ఎవరికీ గుర్తు లేదు. నేను తడిపిన తువ్వాలు కాళ్ళ కింద వేసుకుని బండి తీశాను. తోపు దాటి రోడ్డెక్కాక, ఇంజను మూత మీద పడి ఉన్న తాడు కొస బావ చేతికి తగిలింది. తీసి చూశాడు. మెల్లగా లాగాడు. పెడల్ మీదున్న నా కాలు పైకి లేచింది, బండి వేగం తగ్గింది.

“పర్లా, నీ కాలు కూడా బరువే బామ్మర్దీ,” అన్నాడు. నేను అనాల్సిన జోకు ఆయన అన్నాడు. ఆ తర్వాత వెనక్కి తిరగకుండానే అక్కతో, “ఇన్నాళ్ళూ బండి నువ్వే నడిపినావు గదా మే,” అన్నాడు.

“నేనేం నడిపినా. పట్టుకోని కూర్చున్నా, అంతే.”

నాయుడుపేట వచ్చాం. షెడ్డు ముందు నుంచి పోతుంటే భాయ్ చెయ్యెత్తి, బండి ఎట్టా ఉందని కేకేసి అడిగాడు. బాగైపోయింది భాయ్, రోగం యాడుందో దొరికింది అని బావ గట్టిగా చెప్పాడు. భాయ్ సంతోషంగా చెయ్యి ఊపాడు. తన రెండో స్ప్రింగు వల్లే కుదిరిందని ఆయన చివరి దాకా అందరికీ చెప్పుకునేవాడు, మేమూ అవుననేవాళ్ళం.

తర్వాతిదంతా మీలో చాలామంది ఇళ్ళల్లో జరిగినదే. నెల్లూరులో డాక్టరు చూసి, చక్కెర రోగం ఎప్పటి నుంచో ఉండి ఉంటుందని, కాళ్ళల్లో నరాలు చచ్చుబడ్డాయని, మొదట్లోనే రావాల్సిందని చెప్పాడు. డాక్టర్లందరూ చెప్పే ఆ చివరి మాటకు జవాబు ఇప్పటికీ ఎవరూ కనిపెట్టలేదు. అరికాలి పుండు మానలేదు. ముందు బొటనవేలు తీశారు, ఆ తర్వాత పాదం తీశారు. డాక్టరు నన్ను చెక్కలు చెక్కలుగా కౌలుకు తీసుకుంటున్నాడు, తిరిగిచ్చేటట్టు లేడు అని బావ ఆస్పత్రి మంచం మీద నాతో అన్నాడు. ఆ రోజు నవ్వాను. నవ్వడం నా వంతని తెలుసు.

మొదట్లో కొన్నాళ్ళు నాకు సెలవులు దొరికినప్పుడల్లా వాళ్ళిద్దర్నీ ఎక్కించుకుని సముద్రం దగ్గరికి తీసుకుపోయేవాణ్ణి. బావ ఎడమపక్క కూర్చుని నా డ్రైవింగును దారి పొడవునా వెక్కిరించేవాడు. ఇసుకలో దిగలేక, తలుపు తెరిచి పెట్టుకుని అక్కడి నుంచే పడవలు చూసేవాడు. తర్వాత నాకు పెళ్ళి, పిల్లలు, పరీక్ష పేపర్లు, రాలేకపోవడానికి అన్నీ గౌరవమైన కారణాలే. బండి కల్లంలో నిలిచిపోయింది. సాయంత్రం పూట బావ కర్రల మీద అక్కడిదాకా పోయి, ఎడమపక్క సీట్లోనే కూర్చునేవాడని, తాను కాఫీ అక్కడికే తీసుకుపోయేదాన్నని అక్క చెప్పేది. ఎవరూ లేనప్పుడైనా ఆయన కుడిపక్కకు జరిగి స్టీరింగు పట్టుకోవడం ఒక్కనాడూ చూడలేదట. బండి కంటే ముందు ఆయనే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వానాకాలంలో అడుగు రేకు పూర్తిగా తుప్పు తిని కింద నేల కనిపించిందని, తీసుకుపొమ్మని పాత ఇనుము వాళ్ళకు చెప్పానని అక్క నాకు చాలా రోజుల తర్వాత తెలియజేసింది. అక్క కూడా ఇప్పుడు లేదు.

ఇప్పుడు నన్ను బామ్మర్దీ అని పిలిచేవాళ్ళు ఈ భూమ్మీద ఎవరూ మిగల్లేదు. మా ఇంట్లో పిల్లలకు బావలు, బావమరుదులు ఉన్నారు గానీ, వాళ్ళు ఒకరినొకరు పేర్లతో పిలుచుకుంటూ, ఎంతో మర్యాదగా, ఒకరి మనసు ఒకరు నొప్పించకుండా మాట్లాడుకుంటారు. అది తప్పని నేననను. ఇప్పుడు డాక్టర్లు ముందే పరీక్షలు చేస్తున్నారు, అరికాలికి సన్నటి దారం ఆనించి తెలుస్తోందా అని అడుగుతున్నారు, మా బావకు దొరకని మందులన్నీ నాకు పొద్దునా సాయంత్రం దొరుకుతున్నాయి. అయినా ఒక మనిషికి నీ పని అయిపోయిందని చెప్పాల్సి వచ్చినప్పుడు, ఆ మాటను నవ్వులో పెట్టి చేతికివ్వడానికి మన పెద్దలు ఒక చుట్టాన్ని ప్రత్యేకంగా కేటాయించి పెట్టారని, అవసరం పడినరోజు నా వల్ల అది కాకపోయినా, ఆ ఏర్పాటు ఎంత తెలివైనదో ఇప్పుడు తెలుస్తోంది.

పోయిన నెలలో నేను కారు లోపలికి తెస్తూ మా ఇంటి గేటు స్తంభానికి బాగా రాసేశాను. స్తంభం ఎప్పుడూ ఉన్నచోటే ఉంది, కాబట్టి దాని తప్పేమీ లేదు. మావాళ్ళందరూ చప్పుడు విని వరండాలోకి వచ్చారు. మా అబ్బాయి కారు చుట్టూ తిరిగి చూసి, ఫరవాలేదులే నాన్నా అన్నాడు. కోడలు మంచినీళ్ళు తెచ్చింది. మరునాడు పొద్దున నేను నడక నుంచి తిరిగొచ్చేసరికి పెయింటరు వచ్చి స్తంభానికి రంగు వేసి వెళ్ళిపోయాడు, మచ్చ కూడా కనపడకుండా. ఎవరైనా ఒక్కరు నవ్వుతారేమోనని నేను చాలాసేపు వరండాలోనే కూర్చున్నాను.